మూడుసార్లు చూసిన నీళ్లు

నాలుగో గది స్నానాలగదిలో వేడినీళ్లు ఎంతసేపటికి వస్తాయో నాకు గుర్తులేదు. రెండో గదిలో పదిహేను లెక్కపెట్టేలోపు కుళాయి వెచ్చబడుతుంది, ఐదో గదిలో గొట్టం ముందు దగ్గుతుంది, తర్వాత ఉమ్ముతుంది, ఆ తర్వాతే నీళ్లు, ఏడో గదిని అసలు నమ్మడానికి లేదు, వంటగది నుంచి బకెట్టు మోసుకురావాల్సిందే. పెద్దవాళ్లుండే ఈ హోమ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఎవరికి వీపు మీద ఎక్కడ దురద పుడుతుందో, ఎవరికి చెవిలో చుక్క పడితే రోజంతా చికాకో, ఎవరు తల మీద నీళ్లు పడగానే చిన్నపిల్లల్లా మూతి ముడుస్తారో అన్నీ తెలుసు. నాలుగో గది గొట్టం సంగతే మరిచిపోయాను, ఎందుకంటే ఆవిడ ఆ గదిలోకి వచ్చి ఇరవై మూడు రోజులైంది, ఆ ఇరవై మూడు రోజులూ నేను అటు పోలేదు. నాతో పనిచేసే లావక్కతో గదులు మార్చుకున్నాను. "నాలుగు నువ్వు తీసుకో అక్కా, ఏడు నేను చూస్తా" అనగానే బకెట్టు మోత తప్పినందుకు ఎగిరి గంతేసింది, ఎందుకని అడగలేదు. ఆమెలో నాకు నచ్చేది అదే, నోరు పెద్దదే కానీ ముక్కు చిన్నది, ఎవరి విషయాల్లోనూ దూర్చదు. ఇవాళ పొద్దున్నే ఆమెకు నడుము పట్టేసింది. మేనేజరు బోర్డు మీద ఆమె పేరు చెరిపి నా పేరు రాశాడు. ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి సార్ అన్నాను. "ఎవరున్నారమ్మా? నన్ను పొయ్యమంటావా స్నానం?" అన్నాడు. "పదకొండింటికి ఆవిడ మనవరాలు వస్తోంది. ఈలోగా తలస్నానం చేయించి కూర్చోబెట్టు."

ఇప్పుడు పదీ పది. ఆవిడ తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో, భుజాల మీద తువ్వాలుతో, గోడకున్న స్టీలు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఎనభై మూడేళ్లు. విరిగిన తుంటి ఎముక అతికింది కానీ నడక తిరిగి రాలేదు. కళ్లు దాదాపు పోయాయి, వెలుతురూ నీడా, మనిషి ఆకారమూ తెలుస్తాయి, ముఖాలు తెలియవు. బుర్ర మాత్రం కత్తిలా ఉంది. గోడ మీది గడియారం కనిపించదు కాబట్టి వచ్చినవాళ్లందరినీ టైమెంతయిందని అడుగుతుందట, మావాళ్లు ఆవిడకు గడియారం అని పేరు పెట్టుకున్నారు. నాకు మనసులో కూడా ఆ పేరు రాదు. నాకు ఆవిడ ఇప్పటికీ మా అమ్మ వార్డు హెడ్ సిస్టరే. నేను గుర్తుపట్టింది ఫైలు చూసి కాదు, గొంతు విని. ఆవిడ చేరిన రోజు సాయంత్రం వరండాలో దుప్పట్లు మడతపెడుతున్నాను, లోపలి నుంచి "కిటికీ ఎవరు తెరిచారు?" అని వినిపించింది. మామూలు ప్రశ్నే, కానీ నా చేతిలో మడత తప్పింది. అందరి ప్రశ్నలూ చివర్లో పైకి లేస్తాయి, ఆవిడ ప్రశ్న కిందికి దిగుతుంది, జవాబు ముందే తెలిసినట్టు. ముప్ఫై అయిదేళ్లలో జుట్టు నలుపు పోయింది, చూపు పోయింది, నడక పోయింది, ఆ దిగుడు మాత్రం పోలేదు. దుప్పటి చేతిలో పట్టుకునే నేను మళ్లీ బడిపిల్లనై ఆస్పత్రి ప్రసూతి వార్డు వెనక మెట్ల మీదికి వెళ్లిపోయాను, ఒళ్లో బడి సంచీ, ముంజేతి మీద సిరా మరక.

బడి వదలగానే నేను ఇంటికి పోయేదాన్ని కాదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, ఇంట్లో తాళం తప్ప నాకోసం ఎదురుచూసేది ఏదీ లేదు, అందుకని ఆ వార్డులో ఆయాగా ఉన్న అమ్మ డ్యూటీ అయ్యేదాకా ఆ మెట్ల మీదే హోంవర్కు. అక్కడి తలుపు రెండు ముక్కలుగా ఉండేది, పైముక్క తెరిస్తే లోపల పసిపిల్లలకు నీళ్లు పోస్తూ అమ్మ కనిపించేది. అమ్మ పొట్టి. తొట్టి పెట్టిన గట్టు ఆమెకు ఎత్తు కాబట్టి కాళ్ల కింద ఒక చెక్కపెట్టె వేసుకునేది, ఆ పెట్టె మీద ఉన్నంతసేపూ నాకు ఆమె వార్డులో అందరికంటే పొడుగ్గా కనిపించేది. పుర్రచేతి వాటం. పిల్లను కుడిచేతి మీద పడుకోబెట్టుకుని ఎడంచేత్తో నీళ్లు పోసేది, కొత్త ఆయాలు ఆమెను చూసి నేర్చుకోబోయి తికమకపడేవాళ్లు. రెండు రోజులు కూడా నిండని పిల్లలకు అమ్మ ఉద్యోగాలు ఇచ్చేది. నుదురు చిట్లించుకున్నవాడు జడ్జిగారు, "తీర్పు చెప్పేదాకా వీరు ఏడుపు ఆపరు" అనేది. ఆవులించేది పంతులమ్మ. పిడికిలి విప్పనివాడు దొంగ, "నా దగ్గర దాచేదేముందయ్యా నీకు" అంటూ ఒక్కో వేలూ విప్పి కడిగేది. నీళ్లలో దించేముందు ప్రతివాళ్లకూ చెప్పేది, దించుతున్నాను జడ్జిగారూ, తిప్పుతున్నాను పంతులమ్మా అని. వాళ్లకేం అర్థమవుతుందమ్మా అని అడిగాను ఒకసారి. "మాట అర్థం కాకపోవచ్చు. చెప్పానని అర్థమవుతుంది" అంది.

అమ్మ నన్ను కూర్చోబెట్టి నేర్పినదంటూ ఏమీ లేదు, పాఠాలు చెప్పే మనిషి కాదు, అడిగితే చెప్పేది, లేకపోతే చేస్తూ పోయేది. నీళ్లు అరచేత్తో చూడవేం, మోచేత్తో చూస్తావేం అంటే, "ఈ చేతులు వేణ్నీళ్లలో నాని నాని మొద్దుబారాయి, ఇవి అబద్ధం చెప్తాయి. మోచెయ్యి ఏ పనీ చెయ్యదు కాబట్టి దానికింకా తెలివుంది. సోమరివాళ్లను కూడా ఒక్కోసారి సలహా అడగాలి" అని నవ్వింది. ముందు పాదాల మీద పొయ్యాలి, తర్వాత మోకాళ్లు, చేతులు, భుజాలు, తల చివరికి. ఎందుకంటే మనిషికి నీళ్లు వస్తున్నాయని పాదాలు ముందు కబురు పంపాలి. ఇంకొకటి ఉంది, అది ఆమె చెప్పకుండానే తెలిసింది. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ నా ఒంటికి సబ్బు రాస్తుంటే ఎవరో తలుపు కొట్టారు, చూసొస్తానని వెళ్లి మాటల్లో పడింది. నేను సబ్బు నురగతో వణుకుతూ నిలబడ్డాను. తిరిగొచ్చి నన్ను చూసి అమ్మ ముఖం మారిపోయింది. కూతురికి ఏ తల్లి చెప్తుంది, "తప్పైపోయింది అమ్మాయ్, బట్టలు విప్పిన మనిషిని అలా వదిలేసి పోకూడదు, మళ్లీ చెయ్యను" అంది. మళ్లీ చెయ్యలేదు. తలుపు విరిగేలా కొట్టినా సరే, పక్కింటావిడ గొంతు చించుకున్నా సరే, నా ఒంటి మీద తువ్వాలు చుట్టాకే కదిలేది.

అలాంటి మనిషి మీద పడింది, నీళ్లు చూడకుండా పోసిందన్న నింద. ఆ రోజు నేను బడిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసిందంతా అమ్మతో వార్డులో పనిచేసే పొడుగు ఆయా మా వంటగదిలో కూర్చుని చెప్పిందే, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, వద్దు ఊరుకోమని అమ్మ కళ్లతో సైగ చేస్తున్నా ఆపలేదు. బాగా చలిగా ఉన్న ఉదయం. పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చే వేళ. అమ్మ వార్డు ఆ చివర పక్కలు మారుస్తోంది. హెడ్ సిస్టరుకు తొందర, ఆ నెలలోనే ఆవిడకు ప్రమోషను రావాలి, వార్డు అద్దంలా ఉండాలి. మిగిలిన ఒక్క పిల్లవాడికీ తానే పోసేద్దామని రబ్బరు తొడుగులతోనే నీళ్లు కలిపింది, తొడుగుల్లోంచి వేడి తెలియలేదు, కాలు ముంచగానే పసివాడు కెవ్వుమన్నాడు. పిల్లవాడి కాలు పదిహేను రోజుల్లో మానింది. రిజిస్టరులో రాసింది మాత్రం మానలేదు, నీళ్లు కలిపింది ఆయా అని రాసి ఉంది, కింద హెడ్ సిస్టరు సంతకం. అమ్మను ఆఫీసులోకి పిలిచారు. "నేను కలపలేదండీ" అంది. ఒకసారి అంది. పందొమ్మిదేళ్ల ఉద్యోగం అంతటితో సరి. ఇంటికొచ్చి కడిగి బోర్లించిన గిన్నెను మళ్లీ తీసి కడగడం మొదలుపెట్టింది, కడిగిందే కడిగింది, కుళాయి కట్టేయమని నేనే చెప్పాల్సొచ్చింది. గట్టిగా ఎందుకు చెప్పలేదు, అరవాల్సింది, పొడుగు ఆయాను సాక్ష్యానికి పిలవాల్సింది అని నేను ఎగిరాను. "ఒకసారి చెప్పాను. వినేవాళ్లకి ఒకసారి చాలు. దానికీ ఉద్యోగం ఉంది, దాన్నెందుకు లాగడం" అంది. పద్నాలుగేళ్లప్పుడు ఆ జవాబు నాకు చాల్లేదు. ఇప్పటికీ చాలడం లేదు.

కుళాయి వెచ్చబడింది. నలభై దాకా లెక్కపెట్టాను, అంటే నాలుగో గది అంత చెడ్డదేం కాదు. బకెట్టు నిండుతుంటే మగ్గు కోసం వంగాను. అప్పుడు ఆవిడ, నీడ కదలిక చూసిందేమో, ముఖం నావైపు తిప్పి, "నీళ్లు చూసి పొయ్యి ఆయా. కాలతాయి" అంది. ఆ గొంతే. ఆ దిగుడే. ఆ పిలుపే. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది నిజంగా అరికాళ్లలోనే మొదలవుతుందని నాకు ఆ క్షణాన తెలిసింది, తడి నేల మీద నా పాదాలు కాలాయి. ఈ ఒక్క నోటికి ఆ ఒక్క మాట అనే హక్కు లేదు. లోకంలో ఎవరైనా అనొచ్చు, చూసి పొయ్యి, కాలతాయి అని, ఈవిడ అనకూడదు. కుళాయి కట్టేశాను. "సబ్బు తెస్తానుండండి" అని బయటికి వచ్చేశాను. సబ్బు అక్కడే, కిటికీ గట్టు మీద, కొత్తది, కాగితం కూడా విప్పి ఉంది.

వరండా చివర కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద పెరట్లో తాళ్ల మీద దుప్పట్లు ఆరుతున్నాయి, గాలికి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి, వంటామె గడప మీద కూర్చుని టీ ఊదుకుంటోంది. నేను అక్కడ నిలబడి ఏమీ ఆలోచించడం లేదని అనుకున్నాను, కానీ నా ఒంట్లో ఎవరో నిమిషాలు లెక్కపెడుతున్నారు, రెండు, మూడు, కూర్చోనీ, నాలుగు, తెలియనీ ఆవిడకు కూడా. ఇంత చిన్న పగ అయినా తీర్చుకోవడానికి నాకే కదా వీలు దొరికింది, అమ్మకు దొరకలేదు. దొరకలేదా. దొరికింది. అమ్మకు ఇంతకంటే పెద్ద వీలే దొరికింది. ఉద్యోగం పోయాక అమ్మ ఇళ్లకు వెళ్లి పసిపిల్లలకు నీళ్లు పోసేది, వార్డులో ఆమె చేతి మీద పెరిగిన పిల్లల తల్లులే రెండో కాన్పుకు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, అలా బతుకు గడిచిపోయింది. రెండేళ్ల తర్వాత ఒకరోజు ఆస్పత్రి డ్రైవరు ఒక చీటీ తెచ్చి ఇచ్చాడు. హెడ్ సిస్టరు కూతురు నెల తక్కువగా ప్రసవించింది, పిల్ల అరచెయ్యంత ఉంది, ముట్టుకోవాలంటే ఇంట్లో అందరికీ భయం, డాక్టరమ్మ ఆ పొట్టి ఆయానే పిలిపించమంది. అమ్మ కూడబలుక్కుంటూ చీటీ చదివి, మడిచి, స్వెట్టరు వేసుకుంది. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. "వెళ్తావా? సిగ్గులేదూ నీకు?" అన్నాను, తల్లిని, పదహారేళ్ల నోటితో. అమ్మకు కోపం రాలేదు, లేక వచ్చిందని నాకు తెలియలేదు. "పక్కకి జరుగు అమ్మాయ్. నెల తక్కువ పిల్లట. నేనెవరో దానికేం తెలుసు? నీళ్లు వెచ్చగా ఉంటే చాలు దానికి." నలభై రోజులు వెళ్లింది. ఆ నలభై రోజులూ నేను ఆమెతో మాట్లాడలేదు, అన్నం పెడితే తిన్నాను, పిలిస్తే పలకలేదు, ఆమె మాత్రం రోజూ నా జడ వేసి మరీ వెళ్లేది. హెడ్ సిస్టరు గది గుమ్మంలో నిలబడి చూసేదట, ఒక్క మాటా అనేది కాదట. ఇది కూడా పొడుగు ఆయా చెప్పిందే.

ఏడు నిమిషాలు. వరండా గడియారం చూశాను, ఏడు నిమిషాలు గడిచాయి. ఎవరో నా పేరుతో నిలబడి చేసినట్టుంది, నేను కానట్టుంది, కానీ కాళ్లు నావే. పరుగు లాంటి నడకతో వెనక్కి వెళ్లాను. ఆవిడ అలాగే కమ్మీ పట్టుకుని కూర్చుని ఉంది. తువ్వాలు భుజాల మీంచి జారి నేల మీద పడిపోయింది. వంగితే పడిపోతానని భయమో, ఎక్కడ పడిందో కనిపించలేదో, దానికోసం ప్రయత్నించలేదు. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, వదులైన చర్మం కింద మోకాళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఒకప్పుడు ఈ కాళ్ల నడక చప్పుడుకే వార్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా సర్దుకునేది. "వచ్చావా అమ్మాయ్" అంది. "తువ్వాలు పడిపోయినట్టుంది. ఎటు పడిందో తెలియలేదు." ఆలస్యం చేశావేం అనలేదు, సబ్బు దొరికిందా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. నేను పొడి తువ్వాలు తెచ్చి కప్పాను. "ఆలస్యం చేశానండీ. నాదే తప్పు" అన్నాను. ఎందుకు చేశానో చెప్పలేదు. "పర్లేదులే" అంది ఆవిడ, వణుకుతూనే.

బకెట్టులో నీళ్లు చల్లారాయి, మళ్లీ వేడివి కలిపాను. మోచెయ్యి ముంచి చూశాను. సరిపోయాయి. మగ్గు ముంచబోయి ఆగాను. అమ్మ చివరి రోజులు, నాలుగేళ్ల కిందటివి, ఆ ఆవిరిలోంచే వచ్చాయి. పక్షవాతం వచ్చి అమ్మకు ఎడంవైపు పడిపోయింది, ఎడంచెయ్యి, ఆమెకు తిండి పెట్టిన చెయ్యి, ఒళ్లో వేరే ఎవరిదో వస్తువులా పడి ఉండేది. నేనే స్నానం చేయించేదాన్ని. ఒకరోజు ఇక్కడ మేనేజరుతో మాటా మాటా పెరిగి కుతకుతలాడుతూ ఇంటికెళ్లాను, బకెట్టు దబ్బున పెట్టాను. అమ్మ నా ముఖం వైపే చూసి, "నీళ్లు ఇంకోసారి చూడు" అంది. చూశానమ్మా అన్నాను. "కోపంగా ఉన్నావు. మళ్లీ చూడు." చూశాను. నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు అమ్మ, మాట ఒకపక్కకి వంకరపోతుంటే ఆగి ఆగి, "హెడ్ సిస్టరు మనవరాలికి పోసేటప్పుడు నాకూ కోపంగానే ఉండేది. మొదటి రోజే కాదు, నలభై రోజులూ. ఆవిడ గుమ్మంలో నిలబడేది, నాకు లోపల మండిపోయేది. అందుకే నీళ్లు మూడుసార్లు చూసేదాన్ని" అంది. ముప్ఫై ఏళ్లు నేను అమ్మకు కోపం లేదనుకున్నాను. దేవత అనుకుని దణ్ణం పెట్టినంత పని చేశాను, చేతకానిదనుకుని కసురుకున్నాను, రెండూ ఒకటే మనిషి మీద, ఒకే రోజు కూడా. ఆమెకు కోపం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలుసు, అంతే. రెండోసారి మోచెయ్యి ముంచాను. మూడోసారి కూడా ముంచాను.

"పోస్తున్నానండీ. ముందు పాదాల మీద." పాదాలు, మోకాళ్లు, చేతులు. వణుకు తగ్గింది. భుజాల మీద పోసేసరికి ఆవిడ కమ్మీ మీద పట్టు కాస్త సడలించింది. వీపు రుద్దుతుంటే పక్కటెముకలు వేళ్లకు తగిలాయి. "తల మీద పోస్తున్నాను. కళ్లు మూసుకోండి." "నాకు తెరిచినా ఒకటే" అంది, నాకు నవ్వొచ్చింది, ఆవిడ మాటలకు నవ్వు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. కాసేపటికి, నీళ్ల చప్పుడులో, "పాదాల దగ్గర మొదలుపెడతావు. నడుము పట్టేసిన ఆ అమ్మాయి నేరుగా నెత్తిన గుమ్మరిస్తుంది. ఎవరు నేర్పారు నీకు?" అంది. మా అమ్మ అన్నాను. ఏం చేసేది అంది. ప్రసూతి వార్డులో ఆయా అన్నాను. నా చేతి కింద ఆవిడ మెడ బిగుసుకుంది. నేను సబ్బు రుద్దుతూనే ఉన్నాను, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేననిపించింది.

"పొట్టిగా ఉండేదా?"

"అవునండీ."

"పుర్రచేతి వాటం."

"అవునండీ."

నురగ ఆవిడ చెవి వెనక నుంచి జారుతుంటే వేలితో తుడిచాను. "ఉందా?" అంది. నాలుగేళ్లయిందండీ పోయి, అన్నాను. ఆవిడ తల ఊపింది, ఊపినప్పుడు జుట్టులోంచి నీళ్లు నా ముంజేతుల మీద పడ్డాయి. అయ్యో అనలేదు, మంచి మనిషి అనలేదు. ఎదురుచూశాను, ఏదో ఒకటి అంటే దానికి జవాబు నా దగ్గర ముప్ఫై అయిదేళ్లుగా సిద్ధంగా ఉంది, పదును పెట్టి ఉంది. అనలేదు. నేను మూడు మగ్గులు పోసి నురగ కడిగాను, తువ్వాలు చుట్టాను, ఎత్తుతున్నానండీ అని చెప్పి లేపాను. గదిలోకి తెచ్చి ఉతికిన నీలం గౌను వేసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు దువ్వుతుంటే నాకు ఎందుకో పొడుగు ఆయా గుర్తొచ్చింది. ఆమె కూడా భయపడే మనిషే, వార్డులో నోరు మూసుకుని మా వంటగదిలో తెరిచేది, అమ్మ ఆమెకు ఎప్పుడూ టీ ఇచ్చేది. భయపడినవాళ్లను అమ్మ ఎందుకో అసహ్యించుకోలేకపోయేది. ఈవిడ కూడా ఆ ఉదయం భయపడే ఉంటుంది, పసివాడి కేక విని, తన తొడుగుల చేతులు చూసుకుని. భయపడిందని నాకు జాలి వేసిందా అంటే లేదు. భయపడి ఉంటుందని మొదటిసారి తట్టింది, అంతవరకే.

మనవరాలు పదకొండు కొట్టకముందే వచ్చింది. ముప్ఫై రెండు, ముప్ఫై మూడు ఉంటాయి, భుజాన బరువైన సంచీ, చేతిలో బిస్కెట్ల పొట్లం, పొడుగాటి మనిషి, గుమ్మంలో కొంచెం వంగింది. నేను ఆమెనే చూస్తున్నాను, అరచెయ్యంత ఉన్న పిల్ల ఎక్కడుందా అని, నలభై రోజులు నేను అమ్మతో మాట మానేయడానికి కారణమైన పిల్ల. "భలే మెరిసిపోతున్నావే అమ్మమ్మా ఇవాళ" అంటూ వచ్చి ఆవిడ తడి జుట్టు మీద చెయ్యి వేసింది.

"ఈ అమ్మాయి పోసింది" అంది హెడ్ సిస్టరు. "వీళ్లమ్మ నీకు పోసింది."

"నాకా?"

"నెల తక్కువ పిల్లవి నువ్వు. మీ అమ్మకి ముట్టుకోవాలంటే భయం. నాకూ భయమే, అంత సర్వీసు ఉండి కూడా. వీళ్లమ్మ వచ్చి నలభై రోజులు పోసింది. ఆ చేతుల మీదే నువ్వు నిలిచావు."

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "ఎంత మాట. నాకెప్పుడూ చెప్పలేదేం అమ్మమ్మా" అంటూ నావైపు తిరిగి, ఏదో మంచి మాట అనబోయింది. నేను మాసిన తువ్వాళ్లు చంకన పెట్టుకుని బయటికి జారుకోవాలని చూస్తున్నాను. సగం నిజానికి నవ్వి తల ఊపి వెళ్లిపోవడం నాకు తెలుసు, ఈ ఉద్యోగంలో రోజూ చేసే పనే.

"చెప్పలేదు" అంది ఆవిడ. "అది చెప్తే మిగతాది కూడా చెప్పాలి." కమ్మీ లేదు కాబట్టి కుర్చీ చేతులను పట్టుకుంది. "నువ్వు పుట్టడానికి రెండేళ్ల ముందు వార్డులో ఒక పిల్లవాడి కాలు కాలింది. నీళ్లు కలిపింది నేను. ఆయా కలిపిందని రాశాను. దాంతో వీళ్లమ్మ ఉద్యోగం పోయింది. అయినా చీటీ పంపితే వచ్చింది." గొంతు అదే, చివర్లో దిగే గొంతే, కానీ ఈసారి అది ప్రశ్న కాదు.

మనవరాలి చెయ్యి జుట్టు మీద ఆగిపోయింది. తన అమ్మమ్మ వార్డులో ఎంత గొప్పగా బతికిందో వింటూ పెరిగి ఉంటుంది. గోడకు ఆనించిన పాత ఫోటోలో తెల్ల టోపీతో ఉన్న మనిషి వైపు చూసింది, కుర్చీలో ఉన్న మనిషి వైపు చూసింది, తర్వాత నావైపు. "నిజమా అండీ?" అని అడిగింది, కాదు అనమని బతిమాలుతున్నట్టుగా.

అమ్మయితే పాత సంగతులు లెండి అనేది. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా, ఆమె గొంతుతోనే వచ్చింది. నేను అమ్మను కాను. అదీగాక, అమ్మ ఒక్కసారే చెప్పిన మాటను ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఒక మనిషి విన్నట్టు ఒప్పుకుంటుంటే, కాదనడానికి నేనెవర్ని?

"నిజమేనండీ" అన్నాను.

ఆ అమ్మాయి మంచం అంచున కూర్చుంది, బిస్కెట్ల పొట్లం ఒళ్లో పెట్టుకుంది, తీసి పక్కన పెట్టింది. హెడ్ సిస్టరు ముఖం కిటికీ వెలుతురు వైపు తిప్పుకుని ఉంది, ఎవరు ఏ ముఖంతో ఉన్నారో ఆవిడకు కనిపించదు, ఊపిరి చప్పుళ్లే వింటోంది. వెళ్లిపోదామనుకున్నాను, ఆరో గదిలో నాకోసం చూస్తూ ఉంటారు. కానీ ఆవిడ మెడ మీద జుట్టు ఇంకా తడిగానే ఉంది, గౌను కాలరు తడుస్తోంది, ఇలాగే వదిలేస్తే సాయంత్రానికి జలుబు చేస్తుంది.

"బయట ఎండ బాగుంది" అన్నాను. "ఈ గుమ్మం ఎత్తు, ఒక్కదాన్నే అయితే కుదుపు తగులుతుంది. మీరు కుర్చీ ఆ పక్క పట్టుకోండి."

ఆ అమ్మాయి భుజాన ఉన్న సంచీ తీసి మంచం మీద పెట్టింది. తర్వాత లేచి వచ్చింది. నేను ఎడంవైపు, ఆమె కుడివైపు, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా వంగాం. లేపుతున్నామండీ అని చెప్పాను. ఆవిడ పెద్ద బరువేం లేదు. అయినా ఇద్దరం గట్టిగానే పట్టుకున్నాం.